మొగిలి ఘాట్‌లో వెనక బెంచీ వాళ్ళు

ఉద్యోగం ఎప్పుడు మానాలి అని నన్ను అడిగే కుర్రవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. నెల తిరిగేసరికి చేతికొచ్చే జీతం వదులుకుని సొంతంగా షెడ్డు పెట్టుకున్న మనిషినని ఎవరో చెప్పి పంపుతారు. వచ్చి కూర్చుంటారు, కాఫీ తాగుతారు, ఏ నెలలో మానాలి, ఏం చూసుకుని మానాలి అని అడుగుతారు. నేను మహా ధైర్యవంతుణ్ణని వాళ్ళ నమ్మకం. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నా మీద నాకే మండుతుంది. ఎందుకో చెబుతాను, ఓపికుంటే వినండి.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. నేను చిత్తూరు నుంచి పలమనేరు పోయే బస్సుకు డ్రైవర్ని. పెట్రోలు పటాలానికే చాలడం లేదని మాకు కోత పెట్టారు. దాంతో బస్సులు బొగ్గుతో నడిచేవి. నవ్వకండి, వంటింట్లో వాడే కట్టెబొగ్గే. బస్సు వెనక మనిషెత్తు ఇనప పీపా బిగించి, అందులో బొగ్గు పోసి నిప్పు పెడితే గ్యాసు పుట్టేది. ఆ గ్యాసు గొట్టం వెంట వచ్చి, బస్సు పక్కన ఉండే చిన్న పీపాలో మసి వడకట్టుకుని, ఇంజన్లోకి పోయేది. పొద్దున్నే అరగంట సేపు చేత్తో పంకా తిప్పితే గాని బండి లేచేది కాదు. పెట్రోలు మీద హాయిగా ఎక్కే ఎత్తును బొగ్గు మీద మొదటి గేరులో మూలుగుతూ ఎక్కేది. సాయంత్రానికి మా మొహాలు మా పెళ్ళాలే గుర్తుపట్టలేనట్టు ఉండేవి.

మేము మాలపల్లె క్రైస్తవులం. మా నాయన కూలి. మిషన్ వాళ్ళ పనిబడిలో, మాలాంటి పల్లె నుంచే వచ్చిన ఒక అయ్యవారు నాకు ఇనుము అరగరాసే ఆకురాయి పట్టడం నేర్పాడు, ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పడం నేర్పాడు, చివరికి తానే చీటీ రాసి బస్సు యజమాని దగ్గరికి పంపాడు. యజమానిని మేమంతా మొదలాళి అనేవాళ్ళం. ఆయన ఇచ్చిన ఖాకీ బట్టలు తొడుక్కుని, గుండెల మీద ఇత్తడి బిల్ల పెట్టుకుని నేను బస్సు ఎక్కి కూర్చుంటే, నా పక్క సీట్లో పెద్ద పెద్ద ఆసాములు కూర్చునేవాళ్ళు. "ఏమప్పా డ్రైవరూ, బాగుండావా" అని పలకరించేవాళ్ళు. వాళ్ళ ఇళ్ళలో నాకు వాకిలి దాటి చోటు లేదు. బస్సులో మాత్రం మలుపు వచ్చినప్పుడల్లా వాళ్ళ భుజం నా భుజానికి తగిలేది. ఆ తగలడాన్నే నేను గౌరవం అనుకున్నాను. ఎంత వెర్రివాణ్ణో చూడండి.

మొగిలి దాటాక ఘాట్ మొదలవుతుంది. మూడో మలుపు దగ్గర ఎత్తు ఎక్కువ. అక్కడ బొగ్గు బస్సు నిలిచిపోయేది. మొదట్లో మగవాళ్ళంతా దిగేవాళ్ళు. ఆసామి, కూలివాడు, కచేరీ గుమాస్తా అందరూ దిగి, నవ్వుకుంటూ తలా ఒక చెయ్యి వేసేవాళ్ళు. అంతవరకు బాగానే ఉండేది. ఒకరోజు మొదలాళి చుట్టం ఒకాయన పంచెకు మసి అంటింది. ఆయన పంచె ఉతికితే పోయేదానికి మొదలాళి ఒక ఉత్తర్వు వేశాడు. ముందు సీట్ల వాళ్ళు దిగే పనిలేదు, వెనక బెంచీ వాళ్ళు దిగి తోస్తే చాలు.

వెనక బెంచీ ఎవరిదో వేరే చెప్పాలా? ముందు సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోనివ్వని వాళ్ళది. నా పల్లె లాంటి పల్లెల వాళ్ళది. టికెట్టు అందరికీ ఒకటే. రంగూ ఒకటే, ధరా ఒకటే. డబ్బిచ్చి బస్సెక్కి, అదే బస్సులో కాలు మీద కాలేసుకుని కూర్చున్నవాళ్ళను కొండ పైకి తోయడం ఏ లోకంలో న్యాయం? ఈ మాట ఇప్పుడు గట్టిగా అడుగుతున్నాను. అప్పుడు అడగలేదు. కండక్టర్ "యెనకోళ్ళు దిగండప్పా" అని కేకవేసేవాడు, నేను బ్రేకు మీద కాలు తీయకుండా ముందుకు చూస్తూ కూర్చునేవాణ్ణి. వెనక ఏం జరుగుతోందో చూడడానికి నా తల పక్కనే అద్దం ఉండేది. దాంట్లో చూడడం డ్రైవర్ పని. ఆ మలుపులో మాత్రం నేను అద్దం వైపు చూసేవాణ్ణి కాదు.

ఉద్యోగం మానాలన్న ఆలోచన నాకు అంతకుముందే ఉంది. అది ఈ కోపంతో పుట్టింది కాదు, మామూలు ఆశతో పుట్టింది. ఆదివారం గుడి నుంచి ఇంటికొచ్చేసరికి ఎవరో ఒక లారీ వాడు, ఇంకో బస్సు వాడు వాకిట్లో నిలబడి ఉండేవాడు. బొగ్గు పీపాలు కొత్తవి, వాటి రోగాలు ఎవరికీ తెలియవు. నేను చెయ్యి పెడితే నయమయ్యేవి. సొంతంగా ఒక షెడ్డు వేసుకుంటే బతకవచ్చని తెలుస్తూనే ఉంది. ఉగాదికి మానేస్తానన్నాను. ఉగాది పోయింది. ఈస్టరు కానీ అన్నాను. ఈస్టరూ పోయింది. కొత్త ఖాకీ జత ఇస్తారు కదా, అది పుచ్చుకుని మానదామన్నాను.

"నువ్వు మానేదానికి ముందు యుద్ధమే మానుకుంటాదిలే" అని ఎగతాళి చేసేవాడు మా కండక్టర్.

అది ఉత్త ఎగతాళి కాదు. యుద్ధం ఆగితే పెట్రోలు వస్తుంది, పెట్రోలు వస్తే బొగ్గు పీపాలు పాత ఇనుము. నా భార్య భయం కూడా అదే.

"పిలకాయలు ఇద్దురు ఉండారు" అనేది. "రేపు యుద్ధం నిలిచిపోతే నీ పీపాలు ఎవురికి కావల్లయ్యా? నెల జీతం యాడికీ పోదు. ఉండు కొన్నాళ్ళు."

ఉన్నాను. ఉత్తర్వు వేసింది సంక్రాంతి వెళ్ళిన కొత్తలో. నాలుగు నెలలు అలాగే తోయించాను.

ఎండాకాలం మధ్యాహ్నం బండి. చిత్తూరు స్టాండులో బొగ్గు పోయించి దిగేసరికి ఎదురుగా మా అయ్యవారు. చంకలో గొడుగు, చేతిలో రేకు పెట్టె. బడి పని మానుకుని పలమనేరులో కూతురి దగ్గరికి పోతున్నాడు.

"నీ బండే ఎక్కల్లని రెండు బస్సులు ఇడిసిపెట్టినానురా" అన్నాడు. ఖాకీ బట్టలు, బిల్ల, నన్ను కింది నుంచి పైకి చూసి, "దొర మాదిరి ఉండావే!" అని నవ్వాడు.

నా పక్క సీటు ఖాళీగా ఉంది. ఆయన ఆ సీటు వైపు చూశాడు. కూర్చుంటానని అనలేదు, చూశాడు అంతే. సరిగ్గా అప్పుడే ఆ పంచె ఆసామి, ఉత్తర్వుకు కారణమైన మహానుభావుడు, గొడుగు ఊపుకుంటూ వస్తున్నాడు. కండక్టర్ టికెట్లు కోస్తూ దూరంగా ఉన్నాడు. అయ్యవారిని వెనక్కి పొమ్మని ఎవరూ అనలేదు. నేనే అన్నాను.

"అయ్యవారూ, యెనకాల కూర్చోండి. ఆడ ఎండ తగలదు."

ఆయన నా మొహం వైపు ఒక క్షణం చూసి, "సరే నాయనా" అని పెట్టె తీసుకుని వెనక్కి వెళ్ళాడు. ఈ చేతులతో బస్సు తిప్పుతున్నానంటే ఆ మనిషి పెట్టిన భిక్ష. ఆయనకు ఒక సీటు చూపించలేకపోయాను. ఆసామి కూర్చున్నాడు, భుజం తగిలింది, బండి కదిలింది.

బంగారుపాలెం దాటాం, మొగిలి దాటాం. మూడో మలుపు. బండి ఎప్పటిలాగే మూలిగి నిలిచింది. "యెనకోళ్ళు దిగండప్పా, బిన్నా దిగండి" అని కండక్టర్ కేక. ఆ రోజు అద్దంలో చూశాను. అయ్యవారు గొడుగు పక్కనున్న ఆడమనిషి చేతికిచ్చి, పంచె ఎగ్గట్టుకుని, అందరితో పాటు దిగాడు. అప్పటికి ఆయనకు అరవై దాటాయి. నేను దిగి వద్దు అనవచ్చు. కండక్టర్‌కు ఒక మాట చెప్పవచ్చు. ఏమీ చేయలేదు. గేరు వేశాను.

బండి రెండు గజాలు ఎక్కి, వెనక్కి జారింది. వెనక నుంచి కేక వినిపించింది. బ్రేకు లాగి దూకి పరుగెత్తాను. జారుతున్న బండిని ఆపబోయి అయ్యవారు కుడి అరచెయ్యి నిప్పుల పీపాకు ఆనించాడు. ఎవరో చక్రాల కింద రాళ్ళు పెట్టారు. ఇంకెవరో ముంతతో నీళ్ళు తెచ్చి చేతి మీద పోశారు. తోలు అప్పటికే తెల్లగా పొంగింది.

ముందు నుంచి ఆసామి తల బయటికి పెట్టాడు. "ఏమప్పా, ఇంగా ఎంతసేపు? పొద్దు పోతా ఉండాది!"

నాకు ఒక మాట నోటిదాకా వచ్చింది. ఖాకీ బట్టలు దాన్ని లోపలే ఉంచాయి. ఇన్నేళ్ళయినా ఆ మాట నా లోపలే ఉంది.

అయ్యవారు మాత్రం తన చెయ్యి చూసుకోవడం లేదు. తల ఒక పక్కకు వంచి ఇంజన్ చప్పుడు వింటున్నాడు. బడిలో మా తప్పులు పట్టేటప్పుడు అచ్చం అలాగే నిలబడేవాడు.

"ఇంజన్ ఆపొద్దు" అన్నాడు. "కండక్టరప్పా, ఆ బీడీ ఒకసారి ఇట్లియ్యి."

ఆయన జన్మలో బీడీ తాగలేదు. కండక్టర్ బిత్తరపోయి నోట్లోది తీసి ఇచ్చాడు. అయ్యవారు ఎడం చేత్తో దాన్ని పట్టుకుని, గొట్టం వెంట నడిచి, వడకట్టే చిన్న పీపా దగ్గర వంగాడు. మూత అంచు చుట్టూ బీడీని మెల్లగా తిప్పాడు. ఒకచోటికి వచ్చేసరికి, పైకి పోవలసిన పొగ పక్కకు తిరిగి మూత కిందికి దూరిపోయింది. ఎవరో లోపలి నుంచి పీలుస్తున్నట్టు పోయింది.

"సూడు" అన్నాడు. "మూత కింద గాలి దూరకుండా పెట్టే తాడు అరిగిపోయిండాది. గ్యాసుతో పాటు గాలి దూరతా ఉండాది. ఇంజన్‌కు బలం యాడనించి వస్తాది?"

బీడీ కండక్టర్‌కు తిరిగి ఇచ్చి నా వైపు తిరిగాడు.

"ఎన్నాళ్ళనించి తోయిస్తా ఉండావురా?"

"నాలుగు నెలలు అయ్యవారూ."

"మూత తీసి సూసినావా?"

"లేదు."

"ఎందుకు సూళ్ళేదు?"

ఆదివారం మా వాకిట్లోకి వచ్చే ప్రతి బండికీ నేను మొదట చూసేది ఆ మూతే. పరాయి బండ్లలో దూరే గాలి నా చేతికి చిక్కేది. రోజూ నేను తోలే బండిలో చిక్కలేదు. చిక్కకపోవడం కాదు, వెతకలేదు. నాలుగు నెలలుగా మనుషులు తోస్తున్నది కొండ ఎత్తును కాదు, అరిగిపోయిన మూరెడు తాడును.

ఆయన చెప్పినట్టే రోడ్డు పక్క ఎర్రమట్టి తడిపి, గోనె పీచు కలిపి, మూత అంచు చుట్టూ మెత్తాను. అయిదు నిమిషాల పని. అందరినీ బండి ఎక్కమన్నాను. వెనక బెంచీ వాళ్ళు నమ్మలేదు, ఇద్దరు ముగ్గురు నడుస్తామన్నారు. బతిమాలి ఎక్కించాను. బండి మూలుగుతూనే, నిలవకుండా మలుపు తిరిగి పైకి ఎక్కింది. వెనక ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

ఘాట్ పైన బండి ఆపి వెనక్కి వెళ్ళాను. "ముందుకి రండి అయ్యవారూ" అన్నాను. ఆసామిని లేపడానికి కూడా అప్పుడు సిద్ధంగానే ఉన్నాను.

ఆయన కాలిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "వద్దులేరా" అన్నాడు. "ఈడ ఎండ తగలదు."

పలమనేరు ఆస్పత్రిలో కట్టు కట్టించి, కూతురి ఇంట్లో దింపి, బండి తిప్పుకుని చిత్తూరు వచ్చాను. నేరుగా మొదలాళి ఇంటికి పోయాను. వాకిలి బయటే నిలబడ్డాను, ఎప్పుడూ నిలబడే చోటే. ఆయన అరుగు మీద కూర్చుని ఆకులకు సున్నం రాస్తున్నాడు. నిజం చెప్పాలంటే నోరు పారేసుకునే మనిషి కాదు. నేను జరిగిందంతా చెప్పాను. వేలూరు నుంచి కొత్త తాడు తెప్పించి, ఒక్క పూట బండి నిలిపితే మూత సరిచేస్తానని, ఆపైన ఘాట్‌లో ఎవరూ దిగే పనే ఉండదని చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను. అదీ నా తెలివి.

"మట్టి మెత్తినావు కదా, చాలు" అన్నాడు.

"మట్టి రేపటికి ఎండి రాలిపోతాది సామీ."

"రాలితే రాలనీ. ఒక పూట బండి నిలిపేది యాడ కుదురుతాది?" అని ఆకు మడిచి నోట్లో పెట్టుకున్నాడు. "తోసేటోళ్ళు ఉండారు కదప్పా."

కోపంగా అనలేదు. వెటకారంగా కూడా అనలేదు. ఇంట్లో నీళ్ళు ఉన్నాయి కదా అన్నట్టు అన్నాడు. అయ్యవారి ప్రశ్నకు జవాబు నాకు అక్కడ దొరికింది. మూత నేను ఎందుకు చూడలేదంటే, తోసేవాళ్ళు ఉన్నారు కనుక. ఆయన పైకి అన్నాడు, నేను అనలేదు. అంతకుమించి మా ఇద్దరికీ తేడా లేదు.

"ముసలాయన చెయ్యి కాలిపోయింది సామీ."

"అయ్యో పాపం. టికెట్టు దుడ్లు వాపసు ఇచ్చేయమను."

బండిని తిప్పి లేపే ఇనప కడ్డీ నా చేతిలో ఉంది. దాన్ని అరుగు మీద పెట్టాను. ఇంత వయసు వచ్చింది కనుక ఇప్పుడు చెప్పగలను. పెట్టాలనుకున్న చోటు అరుగు కాదు. కానీ అరుగు మీదే పెట్టాను.

"రేపట్నించి రాను సామీ."

ఆయన నమలడం ఆపాడు. "జీతం చాల్లేదా? అడగరాదా?" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపేసరికి గొంతు మారింది. "నీ కులపోనికి ఖాకీ తొడిగి బండి చేతికిచ్చింది ఎవురు? మర్సిపోయినావా?"

"చెయ్యి కాలినాయన" అన్నాను.

ఇంటికొచ్చి నా భార్యకు చెప్పాను. జీతం సంగతి అడుగుతుందనుకున్నాను, యుద్ధం సంగతి అడుగుతుందనుకున్నాను.

"ఆయప్పను యెనక్కి పొమ్మనింది నువ్వేనా?" అని అడిగింది.

"నేనే."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తన పెట్టె అడుగున దాచుకున్న వెండి కడియాలు తెచ్చి నా ముందు పెట్టింది. వాటితోనే షెడ్డు రేకులు వచ్చాయి.

నేను మానేస్తే అక్కడ ఏదో మారిపోయిందనుకోకండి. ఏమీ మారలేదు. వారం తిరక్కుండా కండక్టర్ వచ్చి చెప్పాడు: మట్టి రాలిపోయింది, కొత్త డ్రైవర్ వచ్చాడు, వెనకోళ్ళు మళ్ళీ తోస్తున్నారు. చెబుతూ తల దించుకున్నాడు. అతనికీ నెల జీతం ఉంది, ఇంట్లో ముగ్గురు పిల్లలున్నారు. అతన్ని తిట్టే యోగ్యత నాకు లేదు, అందుకని తిట్టలేదు. కానీ అతను వెళ్ళాక షెడ్డులో ఉన్న ఖాళీ డబ్బాలన్నీ ఒక్కటీ మిగలకుండా తన్నాను.

మొదలాళి బండి నా షెడ్డుకు ఏనాడూ రాలేదు. మిగతా వాళ్ళవి వచ్చాయి. వచ్చిన ప్రతి బండికీ ముందు మూత చుట్టూ బీడీ పొగ పెట్టి చూసేవాణ్ణి. నేను బీడీ తాగను. అయినా నా షెడ్డులో ఒక కట్ట ఎప్పుడూ ఉండేది, పాస్టరుగారు చూసి అనుమానపడేవారు. తర్వాత మా ఆవిడ భయపడినట్టే యుద్ధం ఆగిపోయింది. బజారంతా మిఠాయిలు పంచుకుంటుంటే మొహం వేలాడేసుకున్నవాణ్ణి చిత్తూరులో నేనొక్కణ్ణే. పీపాలన్నీ విప్పి పడేశారు. ఏడాది పాటు గంజి తాగి బతికాం. తిరుమల కొండకు అప్పటికే బస్సు దారి పడింది, నేను తిరుపతి చేరాను. అలిపిరి పోయే రోడ్డు మీద, కొండెక్కి దిగి మరిగిపోయిన రేడియేటర్లు బాగుచేస్తూ నిలదొక్కుకున్నాను. ఇప్పటికీ ఆ షెడ్డు ఉంది.

కనుక ఎప్పుడు మానాలి అని నన్ను అడిగితే నా దగ్గర ముహూర్తం లేదు. చేతిలో పని ఉందా, ఇంట్లో గింజలున్నాయా చూసుకోండి, అవన్నీ చూసుకోవలసినవే. నేను ఉగాదులూ ఈస్టర్లూ లెక్కపెడుతూ కూర్చున్న నాలుగు నెలల్లో, రోజూ నా వెనక మనుషులు బండి దిగి తోశారు. ఆ లెక్క మాత్రం నేను వేయలేదు. ధైర్యం గురించి ఎవరైనా మాట్లాడితే నాకు ఒక్క రోజు గుర్తొస్తుంది.

షెడ్డు పెట్టిన కొత్తలో అయ్యవారు చూడడానికి వచ్చాడు. అప్పుడొక లారీ డ్రైవర్ అక్కడ కూర్చుని ఉన్నాడు. అయ్యవారు ఎవరో తెలిసి ఉత్సాహంగా అందుకున్నాడు.

"మీ శిష్యునికి ఎంత ధైర్యం అయ్యవారూ! నెల జీతం కాదని, కడ్డీ మొదలాళి ముందర పెట్టేసి వచ్చినాడంట!"

"అవునప్పా, ధైర్యమే" అన్నాడు అయ్యవారు. "నాలుగు నెలలు ఆలస్యమైనాది, అంతే."

అని నవ్వి, నేను రాస్తున్న ఇనప ముక్క వంకర పోతోందని, ఎలా రాయాలో చూపిస్తానని ఆకురాయి అడిగాడు. ఇచ్చాను. కుడి చేత్తో తీసుకున్నాడు. తోలు బిగుసుకుపోయి వేళ్ళు పిడి చుట్టూ ముడుచుకోలేదు. రెండుసార్లు ప్రయత్నించి, నా చేతిలోనే తిరిగి పెట్టి, "నువ్వే రాయి, నేను చెప్తాను" అన్నాడు.